సుగుణ గారి అనుమానాల జాబితా

నిన్న సాయంత్రం బస్సులో నా పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ లవంగం నములుతోంది. బయట గాలీ వానా. అందరి కోట్లూ తడిసిపోయి, కిటికీ అద్దాలు మసకబారి, బస్సంతా తడి ఉన్ని వాసన. ఆ వాసనలోంచి లవంగం ఘాటు ముక్కుకు తగలగానే నేను సర్దుకుని కూర్చున్నాను. చేతిసంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ రోజు ఆఫీసులో ఏమేం ముట్టుకున్నానో, ఎవరికి ఏం చెప్పానో, చెప్పినదాంట్లో ఎంత నిజమో వరసగా గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను. రెండు స్టాపులు దాటాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. అప్పుడు నవ్వొచ్చింది. పక్కనున్నావిడ ఎవరో నాకు తెలియదు. సుగుణ గారు పోయి రెండు చలికాలాలు గడిచాయి.

ఆవిడను ఎరిగినవాళ్ళు వెల్లింగ్టన్ తెలుగువాళ్ళలో ఇంకా ఉన్నారు. పేరు ఎత్తితే చాలు, “అమ్మో ఆవిడా! పరలోకంలో దేవుణ్ణి కూడా ఐడీ కార్డు చూపించమని ఉంటుంది” అంటారు. నేను రాస్తున్నది ఎరగనివాళ్ళ కోసం. హన్మకొండలో పుట్టారు. హైదరాబాదులో కంప్యూటర్ల పని నేర్చుకున్నారు. భర్తతో ఈ దేశం వచ్చి ఏళ్ళ తరబడి ప్రభుత్వ శాఖల్లో కాంట్రాక్టు ఉద్యోగాలు చేశారు. ఆయన పోయాక జాన్సన్‌విల్‌లోని ఇంటి గరాజులో సొంతంగా ఒక పని పెట్టుకున్నారు. పాడైపోయిన కంప్యూటర్లలోంచి ఫైళ్ళు బయటికి తీయడం ఆ పని. పొట్టి మనిషి. మోకాళ్ళ దాకా వాన కోటు, మెడలో సన్న గొలుసుకు చిన్న శిలువ, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. పని చేస్తున్నప్పుడు అనవసరంగా మాట్లాడకుండా ఉండడానికట.

ఆవిడ నా జీవితంలోకి వచ్చింది నన్ను అనుమానించడానికి. ఆ అనుమానం నిజం.

అప్పటికి నేను డునెడిన్‌లో చదువు ముగించుకుని వెల్లింగ్టన్ వచ్చి ఏడాది దాటింది. ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేదాన్ని. భూకంపం వస్తే పాత భవనాలు నిలబడతాయో లేదో పరీక్షించి రిపోర్టులు రాసే చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో ఉద్యోగం. మొత్తం అయిదుగురం. ఫోన్లు ఎత్తడం, రిపోర్టులు ప్రింటు తీయడం, కంప్యూటర్ల బాగోగులు చూడడం నా పనులు. నా వర్క్ వీసా ఆ ఉద్యోగానికి ముడిపడి ఉండేది. ఆఫీసు యజమాని హెలెన్ మంచిదే కానీ పంతం మనిషి. ఆమెతో పాటు ఆరేళ్ళు పనిచేసిన సీనియర్ ఇంజనీరు ఇయాన్ ఏదో మాటా మాటా వచ్చి, ఒక శుక్రవారం ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఆయన కంప్యూటర్‌లో ఒక పాత ఇటుకల అపార్ట్‌మెంటు తాలూకు కొలతలు, ఫొటోలు, లెక్కలు ఉన్నాయి. ఆ భవనంలో ఉండేవాళ్ళందరూ పెద్దవయసు వాళ్ళు. ఖాళీ చేయాలా వద్దా అన్నది ఆ రిపోర్టు వస్తే గానీ తేలదు.

సోమవారం పొద్దున హెలెన్ నా దగ్గరికి వచ్చి, “ఇయాన్ కంప్యూటర్ తెరిచిపెట్టు. పాస్‌వర్డ్ కోసం అతన్ని మాత్రం నేను అడగను” అని మీటింగ్‌కి వెళ్ళిపోయింది. నేను అన్ని కంప్యూటర్ల మీదా అధికారం ఉన్న ఆఫీసు అడ్మిన్ ఖాతాలోంచి వెళ్ళి ఇయాన్ పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టాను. అలా చేస్తున్నప్పుడు స్క్రీను మీద ఒక హెచ్చరిక వచ్చింది. అలాంటివి రోజుకు పది వస్తాయి. చదవకుండా ఓకే నొక్కాను. కంప్యూటర్ తెరుచుకుంది, ఫైళ్ళ పేర్లన్నీ కనబడ్డాయి, కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. దేన్ని నొక్కినా అనుమతి లేదనే వచ్చింది. అప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి చదివాను. ఇయాన్ ఆ ఫైళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాడు. వాటి తాళం ఆయన పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంది. పాస్‌వర్డ్‌ను బయటినుంచి బలవంతంగా మారిస్తే ఆ ఫైళ్ళు ఇక ఎప్పటికీ తెరుచుకోకపోవచ్చు. నేను చదవకుండా నొక్కిన హెచ్చరికలో ఉన్నది సరిగ్గా ఆ మాటే.

మధ్యాహ్నం హెలెన్ వచ్చి అడిగితే, “లోపలికే వెళ్ళలేకపోయాను” అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. కష్టం తర్వాత మొదలైంది.

మరునాడు హెలెన్ పంతం దిగమింగుకుని ఇయాన్‌కి మెయిల్ రాసింది. ఆయన గంటలోపే పాస్‌వర్డ్ పంపాడు. హెలెన్ నా ఎదురుగానే దాన్ని కొట్టింది. తప్పు అని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే. రాక ఏం చేస్తుంది? ఆ పాస్‌వర్డ్‌ను ముందురోజు నేనే తీసేశాను కదా. హెలెన్ మెడ దాకా ఎర్రబడింది. “చూశావా, కావాలనే తప్పు పాస్‌వర్డ్ పంపాడు” అంది. నేను ప్రింటర్‌లో కాయితాలు సర్దుతూ నిలబడ్డాను. గురువారం గాలివానకు కరెంటు పోయింది. ఆ సమయంలో ఆ కంప్యూటర్ ఏదో అప్‌డేట్ మధ్యలో ఉంది. కరెంటు వచ్చాక విండోస్ లేవలేదు. నీలం తెర వస్తుంది, ఆరిపోతుంది, మళ్ళీ వస్తుంది. దాంతో హెలెన్‌కి ఇక సందేహం లేకుండా పోయింది. ఇయాన్ వెళ్తూ వెళ్తూ అందులో ఏదో పెట్టి వెళ్ళాడని తేల్చేసింది. ఇంజనీర్ల సంఘానికి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. ఎవరో చెప్తే సుగుణ గారికి ఫోన్ చేసింది.

సోమవారం సుగుణ గారు వచ్చారు. మీటింగ్ గదిలో కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టించుకుని, విప్పకముందే నాలుగు వైపులా ఫొటోలు తీశారు. విప్పిన ప్రతి మరనూ ఒక కాయితం మీద వరసలో పెట్టారు. డిస్కును బయటికి తీసి, తన మిషన్‌కి తగిలించి, దానికి అచ్చంగా ఇంకో నకలు తీశారు. “అసలుదాన్ని ముట్టద్దు. ఏం చేసినా నకలు మీదనే” అన్నారు, నాతోనో తనతోనో తెలియకుండా. నేను ఇచ్చిన టీ తాగలేదు. తన ఫ్లాస్కులోది తాగారు. బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడు అసలు డిస్కూ నకలూ రెండూ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళారు.

నకలు తయారవుతుండగా నోటుబుక్కు తీసి అడిగారు.

“ఈ కంప్యూటర్‌ను ఎవరెవరు ముట్టిండ్రు?”

“ఇయాన్ ఒక్కరే ఆంటీ. ఆయన వెళ్ళాక హెలెన్ పాస్‌వర్డ్ కొట్టి చూసింది. అంతే.”

“నువ్వు?”

“నేను ముట్టుకోలేదు ఆంటీ.”

“ఆంటీ అనకు. ఇంటికొచ్చినప్పుడు ఆంటీ అను, అన్నం పెడత. పనికాడ సుగుణ గారు అను. ఆంటీ అంటే నిన్ను గట్టిగ అడుగుడు నాతోని కాదు.”

ఆవిడ పేర్లు రాసుకున్నారు. తలకిందులుగా అయినా చదవగలిగాను. మొదటి పేరు ఆవిడదే. కింద ఇయాన్, హెలెన్, ఆ కింద నేను. నా పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం.

“మీ పేరు ఎందుకండీ?” అన్నాను.

“నేను ముడుతున్న గద. రేపు ఏమన్న ఖరాబైతే ముందుగాల నన్నే అడగాలె” అన్నారు. ఆ మాట వినయం కోసం అనలేదు. రాసుకోవలసిన విషయం కాబట్టి రాసుకున్నారు.

ఆ రోజంతా నేను ఆవిడను కనిపెట్టుకుని ఉన్నాను. ఆవిడ హెలెన్ మనిషేమో, నా మీద నిఘాకే పిలిపించారేమో అనిపించింది. డిస్కు బ్యాగ్‌లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతోంది, అందులోవన్నీ చదువుతుందేమో అనిపించింది. సొంత భాష మాట్లాడి నా నోటినుంచి మాట లాగాలని చూస్తోందనిపించింది. తప్పు చేసినవాళ్ళకు ఎదుటివాళ్ళు దగ్గినా అర్థం కనిపిస్తుందంటే అదే. గాజు తలుపు అవతల నుంచి ఆవిడ తల ఎత్తినప్పుడల్లా నేను ఫోన్ ఎత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాను.

మంగళవారం మధ్యాహ్నం ఇయాన్ వచ్చాడు. వదిలేసి వెళ్ళిన సైకిల్ హెల్మెట్, కాఫీ కప్పు తీసుకోవడానికి. హెలెన్ తన గదిలోంచి బయటికి రాలేదు. నేనే ఒక పెట్టెలో సర్ది ఇచ్చాను. పెట్టె చేతిలో పట్టుకుని ఆయన వెళ్ళకుండా నిలబడ్డాడు. “నేను పంపింది సరైన పాస్‌వర్డే. ఆరేళ్ళు రోజూ పొద్దున్నే కొట్టాను. మర్చిపోవడానికి లేదు” అన్నాడు. పెట్టెను చంకలోకి మార్చుకుని, “నువ్వైనా నమ్ముతావు కదా?” అన్నాడు.

ఆయన మాట నిజమని ప్రపంచంలో కచ్చితంగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. “నాకు తెలియదు” అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మీటింగ్ గదిలో సుగుణ గారు తల ఎత్తలేదు. కానీ పెన్ను ఆగిపోవడం చూశాను.

ఆ సాయంత్రం అయిదింటికి ఆవిడ ట్రైనుకు టైమవుతోందని కోటు వేసుకుని వెళ్ళిపోయారు. ఆశ్చర్యం ఏమిటంటే కంప్యూటర్ మూత పెట్టి బల్ల మీదే ఉంది; పని అయిపోయి డిస్కు తిరిగి లోపల పెట్టేశారనుకున్నాను. గదికి తాళం వేయలేదు. హెలెన్ కూడా వెళ్ళిపోయింది. నా డ్రాయర్‌లో విండోస్ కొత్తగా ఎక్కించే పెన్‌డ్రైవ్ ఉంది. కొత్తగా ఎక్కిస్తే పాత విండోస్ మొత్తం చెరిగిపోతుంది. ఏ రోజు ఏ గంటకు ఎవరు పాస్‌వర్డ్ మార్చారో అందులో ఎక్కడో నమోదై ఉంటుంది, అదీ పోతుంది. ఇయాన్ ఫైళ్ళకు తాళంచెవి ఎక్కడైనా మిగిలి ఉంటే అదీ పోతుంది. ఆ సంగతి కూడా నాకు తెలుసు. ఆవిడ దగ్గర నకలు ఉందన్నది మాత్రం ఆ కంగారులో తట్టలేదు. తెలిసే పెన్‌డ్రైవ్ గుచ్చాను. తెలిసే మీట నొక్కాను.

తెర మీద అక్షరాలు వచ్చాయి. ఎక్కించడానికి డిస్కేదీ దొరకలేదు అని. మూత తీసి చూశాను. కంప్యూటర్ కడుపు ఖాళీగా ఉంది. అసలు డిస్కూ నకలూ ఎప్పటిలాగే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో జాన్సన్‌విల్ ట్రైను ఎక్కి ఉంటాయి. నేను పెన్‌డ్రైవ్ లాగేసుకుని కుర్చీలో కూలబడ్డాను. భయం కాదు, ఏదో రోత. అప్పటిదాకా నేను చేసింది తెలియక చేసిన తప్పు, భయంతో ఆడిన ఒక అబద్ధం అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇప్పుడు చేయబోయింది ఏమిటి? ఆ డిస్కు అక్కడ ఉండి ఉంటే ఈపాటికి నేను ఎవరిని అయి ఉండేదాన్ని?

బుధవారం ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్ళాను. సుగుణ గారు అప్పటికే వచ్చి వంటగదిలో ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు. నేను ఇంకా బ్యాగు కూడా దించలేదు.

“సుగుణ గారూ, ఇయాన్ పాస్‌వర్డ్ మార్చింది నేనండీ.”

ఆవిడ తల ఎత్తకుండా నోటుబుక్కు తీశారు. “ఎప్పుడు?”

“ఆయన మానేశాక వచ్చిన సోమవారం.”

“ఎన్ని గంటలకు?”

“పది దాటింది. హెలెన్ మీటింగ్‌కి వెళ్ళాక.”

ఒక పేజీ వెనక్కి తిప్పి ఏదో పోల్చి చూసుకున్నారు. “పది పన్నెండు. సరే. ఇంకేమన్న ఉన్నదా?”

“లోపలికి వెళ్ళలేకపోయానని హెలెన్‌కి అబద్ధం చెప్పాను. ముట్టుకోలేదని మీకు అబద్ధం చెప్పాను. నిన్న ఇయాన్‌కి తెలియదని చెప్పాను.”

రాసుకున్నారు. “ఇంకేమన్న ఉన్నదా?”

“లేదండీ.”

పెన్ను మూత పెట్టారు. పుస్తకం మాత్రం మూయలేదు. టీ ఒక గుక్క తాగి, నా ముఖం వైపు మొదటిసారి చూశారు. “ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?”

ఆ మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. పెన్‌డ్రైవ్ సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. పెన్ను మూత తీసి అదీ రాసుకున్నారు. అప్పుడు అన్నారు.

“తాళం నిన్న పొద్దుగాలనే తెరుచుకున్నది.”

నాకు అర్థం కాలేదు.

“ఫైళ్ళకు ఒక తాళంచెవి ఉంటది. దాన్ని ఒక డబ్బాల పెట్టి, ఆ డబ్బాకు మనిషి పాస్‌వర్డ్‌నే తాళం వేస్తది విండోస్. ఆ మనిషే పాస్‌వర్డ్ మార్చుకుంటే డబ్బా గుడ మారుతది. వేరేటోళ్ళు బయటినుంచి మారుస్తే డబ్బాకు ఆ సంగతే తెల్వదు. పాత పాస్‌వర్డ్‌నే పట్టుకుని కూసుంటది. విండోస్ ఖరాబైనా డబ్బా డిస్కుల మంచిగనే ఉన్నది. నకలుల నుంచి తీసి, ఇయాన్ పంపిన పాస్‌వర్డ్ పెట్టిన. ఒక్క దెబ్బకు తెరుచుకున్నది. అంటే ఆయన చెప్పింది నిజం. అంటే ఈ ఆఫీసుల ఎవరో అబద్ధం చెప్తున్నరు.”

“మరి హెలెన్‌కి నిన్ననే ఎందుకు చెప్పలేదు?”

“ఆమెనే చేసిందేమో అనుకున్న. అడ్మిన్ ఖాతా మీ ఇద్దరికి ఉన్నది. ఆయన మీద ఫిర్యాదు రాస్తున్నది ఆమె. పిలిచి పని ఇచ్చింది గదా అని అనుమానించకుండ ఉంటనా?”

“నా మీద ఎక్కువ అనుమానం ఉందా?”

“నీ మీదనే ఎక్కువ. కానీ ఎక్కువ అనుమానం ఉంటే నిజం అయితదా? అట్లయితే ఇయాన్ ఎప్పుడో దొంగ అయిపోవాలె.”

నేను ముఖం తుడుచుకుని, ఇన్నాళ్ళుగా లోపల తిరుగుతున్న మాట అడిగేశాను. “రిపోర్టులో నా పేరు రాయకుండా ఉండలేరా? నా వీసా ఈ ఉద్యోగం మీదే ఉందండీ.”

“వీసా నీది. మరి ఇయాన్ పేరు ఎవరిది?”

ఆవిడ ఫ్లాస్కు మూతలో మిగిలిన టీ వైపు చూసి, “రిపోర్టు పదింటికి హెలెన్ చేతికి ఇస్త. అంతకు ముందు పోయి నువ్వే చెప్పుకుంటవా, నా కాయితంల చదువుకుంటదా, నీ ఇష్టం” అన్నారు.

హెలెన్ గదిలో నేను నిలబడి చెప్పాను, ఆమె కూర్చుని విన్నది. అయిపోయాక తన స్క్రీను నా వైపు తిప్పింది. ఇయాన్ మీద నాలుగు పేజీల ఫిర్యాదు. కింద సంతకం కూడా పెట్టి ఉంది. ఇక పంపడమే మిగిలింది. “ఇది వెళ్ళి ఉంటే అతని లైసెన్సు ఏమయ్యేదో నీకు తెలుసా?” అంది. తెలుసన్నాను. “నీ మీద నాకు ఎంత కోపంగా ఉందంటే, ఇవాళ ఏ నిర్ణయమూ తీసుకోను. ఇంటికి వెళ్ళు” అంది.

వారం తర్వాత నిర్ణయం తీసుకుంది. నా కాంట్రాక్టు ముగియడానికి మూడు నెలలుంది, అప్పటిదాకా ఉండవచ్చు. కానీ కంప్యూటర్ల బాధ్యత ఉండదు, తర్వాత పొడిగింపు ఉండదు. అది న్యాయమేనని అప్పుడే అనిపించింది.

ఫైళ్ళు అప్పగించే రోజు సుగుణ గారు ఒక షరతు పెట్టారు. ఇయాన్ రావాలి, ఆయనే పాస్‌వర్డ్ కొట్టాలి. “ఫైళ్ళు మీవే, కానీ తాళం ఆయనది” అని హెలెన్‌కి ఇంగ్లీషులో చెప్పారు. ఇయాన్ వచ్చాడు. ఆయన కీబోర్డు మీద చేయి పెట్టగానే సుగుణ గారు కుర్చీ తిప్పుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. పాత అపార్ట్‌మెంటు గోడల ఫొటోలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. హెలెన్ ఆయన వెనక నిలబడి, “నన్ను క్షమించు” అంది. ఆయన సరేనన్నాడు గానీ ఉద్యోగానికి తిరిగి రాలేదు. నేను తలుపు దగ్గర నిలబడి నా క్షమాపణ చెప్పాను. “చెప్పినందుకు థాంక్స్” అన్నాడు. అంతే. నా ముఖం చూడలేదు. ఇన్నేళ్ళలో ఆయన్ను రెండుసార్లు సముద్రపు ఒడ్డున వాటర్‌ఫ్రంట్ మీద చూశాను. సైకిల్ ఆపలేదు. ఆపాలని నేనూ కోరుకోలేదు.

ఆ ఉద్యోగం పోయే ముందు ఒకరోజు సుగుణ గారు ఫోన్ చేసి, “శనివారం ఖాళీనా? గరాజ్‌ల పని ఉన్నది. నేర్చుకుంటవా?” అన్నారు. ఎందుకు పిలిచారో నాకు అర్థం కాలేదు. దయ అయి ఉంటుందనుకుని వెళ్ళాను. దయ ఏమీ కాదు. మొదటి రోజే నా బ్యాగు గరాజు బయట పెట్టించారు. జేబులు చూపించమన్నారు. తన జేబులు కూడా నాకు చూపించి, “వచ్చేటోళ్ళ బతుకులన్ని ఈ డిస్కులల్ల ఉంటయ్” అన్నారు. పాత ఉద్యోగం అయ్యాక ఒక చిన్న కంపెనీలో ఫోన్లు ఎత్తే పని దొరికి వీసా దానికి మారింది; ఏడాది పాటు ప్రతి శనివారం గరాజుకు వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంటకు గరాజు తలుపు వేసి వంటింట్లోకి తీసుకెళ్ళి పచ్చిపులుసు, అన్నం పెట్టేవారు. అక్కడ ఆంటీ అంటే పలికేవారు. రెండింటికి గరాజులోకి రాగానే మళ్ళీ సుగుణ గారు.

ఒక శనివారం మన తెలుగాయనే ఒకాయన లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. బాగా మాటకారి. తన లాప్‌టాప్ విండోస్ పాడైందని, లోపల ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరు ఒకటి ఉందని, పాస్‌వర్డ్ మర్చిపోయానని చెప్పాడు. ఊరు, చుట్టరికాలు, చర్చి, గుడి అన్నీ మాట్లాడాడు. నాకు ఆయన మీద ఏ అనుమానమూ రాలేదు. సుగుణ గారు లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “దీంట్ల మీ ఖాతా పేరు ఏం పెట్టుకున్నరు?” అన్నారు. ఆయన తన పేరే చెప్పాడు. “స్పెల్లింగ్?” చెప్పాడు. ఆవిడ డిస్కు చూసి వచ్చి లాప్‌టాప్ మూసి ఆయన చేతిలో పెట్టారు. “దీంట్ల ఆ పేరు లేదు. ఒక ఆడమనిషి పేరున్నది. ఆమెను తీసుకొని రాండ్రి, ఆమె కండ్ల ముందట తెరుస్త.” ఆయన నవ్వు మాయమైంది. “నా భార్యదేనండీ. భార్యాభర్తల మధ్య ఏముంటుంది?” అన్నాడు. “ఏమున్నదో నాకు తెల్వదు. తెల్వదు కాబట్టే తెరవ” అన్నారు. ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. వెనకాలే ఊళ్ళో ఆవిడకు పొగరని ప్రచారం కూడా చేశాడు. ఆ భార్య ఎవరో, లోపల ఏముందో మాకు ఎప్పటికీ తెలియలేదు. సుగుణ గారు మాత్రం ఆ సాయంత్రం వరకు లవంగం మార్చి మార్చి నములుతూనే ఉన్నారు. “ఆయన మంచోడే అయ్యుండచ్చు. అయినా తెరవద్దు” అని ఒకసారి అన్నారు.

ఏడాది చివర ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పోగొట్టుకున్న సమాచారాన్ని తిరిగి రాబట్టే విభాగం. ఈ పని నాకు వచ్చని ఎవరైనా చెప్పాలంటే నాకు ఆవిడ పేరు తప్ప వేరే గతి లేదు. రాస్తానన్నారు. ఏం రాశారో చూపించలేదు. ఇంటర్వ్యూలో అన్నీ బాగా జరిగాక, ఎదురుగా కూర్చున్న పెద్దాయన కాయితం తీసి, “ఇలాంటి సిఫారసు ఉత్తరం నేను ఎప్పుడూ చూడలేదు” అని చదివి వినిపించాడు.

‘ఈమె నాకు రెండు రోజులు అబద్ధం చెప్పింది. మూడో రోజు నేను అడగకముందే నిజం చెప్పింది. ఆ తర్వాత ఏడాది పాటు నేను ఈమెను ప్రతి వారం అనుమానించాను. ఒక్కసారీ నా అనుమానం నిజం కాలేదు.’

ఆయన కాయితం పక్కన పెట్టి, “ఇది నిజమేనా?” అన్నాడు.

అవునంటే సరిపోయేది. కానీ నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. “పూర్తిగా నిజం కాదు. రెండు రోజులు కాదు, తొమ్మిది. ఆవిడ రాకముందే ఒక వారం నేను ఆఫీసులో అబద్ధం మోస్తూ తిరిగాను. ఆ వారమంతా ఒక మనిషి చేయని తప్పుకు దోషిగా ఉన్నాడు.” తర్వాత మొత్తం చెప్పాను, పెన్‌డ్రైవ్‌తో సహా. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బయటికి వచ్చి గాలిలో నిలబడి, ఈ ఉద్యోగం రాదని నిశ్చయించుకుని, సుగుణ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“తొమ్మిది రోజులా?” అన్నారు. “నా కాడ రెండే రాసి ఉన్నయ్. ఉండు.” ఫోనులో పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి, “ఆ, సరిచేసిన” అన్నారు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడగనేలేదు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అందులోనే ఉన్నాను. సుగుణ గారు చివరి రోజుల్లో డునెడిన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. కూతురు అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తుంది. చూడడానికి వెళ్తే, మంచం మీద నుంచే నర్సు ఇచ్చిన మాత్రల పేరు చదివి వినిపించమన్నారు. చదివాను. “ఇంకోసారి చదువు” అన్నారు. అదే ఆఖరి చూపు.

నాతో మిగిలిపోయింది ఒక లెక్క. తప్పు చేసిన క్షణం నుంచి దాన్ని చెప్పిన క్షణం దాకా ఎంత సేపు పట్టిందో చూసుకుంటాను. మొదట తొమ్మిది రోజులు. ఈ ఉద్యోగంలో మొదటి ఏడాది ఒకసారి ఒకటిన్నర రోజు. పోయిన నెలలో నేను ఒక ఫోల్డరు పొరపాటున చెరిపేశాను. ముందు ఎవరూ గమనించలేదు, తర్వాత గమనించారు. నేను లేచి నిలబడి చెప్పేసరికి నలభై నిమిషాలైంది. ఆ నలభై నిమిషాల్లో ఎవరి మీద అనుమానం పడిందో కనుక్కున్నాను. మూడో అంతస్తులో ఒకావిడ. ఫోల్డరు వెతకడం తర్వాత, ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళి క్షమాపణ అడిగాను.